ఎర్టిగా, ట్రైబర్, వ్యాగనార్, ఈకో: రోజూ వాడటానికి ఏ బండి బెటర్? సీట్ల నంబర్ చూసి కొనకండి!

ఫోన్ బాక్స్ మీద పెద్ద అక్షరాలతో ఉన్న మెగాపిక్సెల్ నంబర్ చూసి కొనకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. ఫ్యామిలీ బండి విషయంలో సీట్ల నంబర్ కూడా అలాంటిదే. బ్రోచర్‌లో "7 సీటర్" అని ఉంటుంది. ఏడుగురు ఎక్కుతారు, అందులో అబద్ధం లేదు. కానీ ఏడుగురూ ఎక్కాక వాళ్ల బ్యాగులు ఎక్కడ పెట్టాలి? నలుగురే ఎక్కి, వెనక వాషింగ్ మెషిన్ బాక్స్ పెట్టుకుని రావాలంటే కుదురుతుందా? అదే బండిలో వారానికి మూడు రోజులు షాపు సరుకు తెచ్చుకోవచ్చా? ఈ ప్రశ్నలకు సీట్ల నంబర్ జవాబు చెప్పదు.

ఇంకో విషయం ఉంది. మన దగ్గర చాలామంది ఒకే బండితో ఇల్లూ, వ్యాపారమూ రెండూ నడిపించాలని చూస్తారు. కర్రీ పాయింట్, పూల వ్యాపారం, కిరాణా, ఈవెంట్ ఫోటోగ్రఫీ, ఏదైనా సరే. అలాంటి వాళ్లకు బండి సైజు ఎంత ముఖ్యమో, ఆర్సీ మీద, ఇన్సూరెన్స్ పేపర్ మీద ఏం రాసి ఉందో కూడా అంతే ముఖ్యం. షోరూమ్‌లో ఈ మాట పెద్దగా ఎవరూ చెప్పరు. అందుకే ఈ ఆర్టికల్‌లో మినీవ్యాన్, వ్యాగన్, కార్గో వ్యాన్ మూడింటినీ రోజువారీ వాడకం కోణంలో పోల్చి చూద్దాం.

మూడు రకాలు అంటే ఏంటి?

మినీవ్యాన్: మూడు వరుసల సీట్లు, పొడవైన బాడీ, మనుషుల కోసం డిజైన్ చేసిన బండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు హోండా ఒడిస్సీ, టొయోటా సియెనా అంటే వెంటనే అర్థమవుతుంది. అక్కడ వీటికి పక్కకు జరిగే స్లైడింగ్ డోర్లు ఉంటాయి. ఇండియాలో ఈ పని చేసే బండ్లను ఎంపీవీ అంటున్నాం. మారుతి ఎర్టిగా, కియా కారెన్స్, టొయోటా ఇన్నోవా, రెనో ట్రైబర్ ఈ లిస్టులోకి వస్తాయి. వీటి డోర్లు మాత్రం మామూలు కారు డోర్లే.

వ్యాగన్: అసలు వ్యాగన్ లేదా ఎస్టేట్ అంటే సెడాన్ కారు పైకప్పును డిక్కీ చివరి దాకా లాగినట్టు ఉండే బండి. ఐదు సీట్లు, వెనక పెద్ద లగేజీ స్థలం.

కార్గో వ్యాన్: ముందు రెండు సీట్లు, వెనక అంతా ఖాళీ. సరుకు కోసమే. మారుతి ఈకో కార్గో, మహీంద్రా సుప్రో కార్గో వ్యాన్ లాంటివి. ఈకోలో మనుషుల కోసం సీట్లున్న వెర్షన్ కూడా ఉంది. మన కథలో అసలు మలుపు అక్కడే వస్తుంది.

ఎంపీవీ: సీట్లు నిండితే డిక్కీ మాయం

ముందుగా ఒక కొలత పెట్టుకుందాం. విమానంలో పైన పెట్టే చిన్న ట్రాలీ సూట్‌కేస్ 55 x 35 x 25 సెంటీమీటర్లు ఉందనుకోండి. అది సుమారు 48 లీటర్ల స్థలం తీసుకుంటుంది. ఇప్పుడు అన్ని సీట్లూ వాడుతున్నప్పుడు వెనక మిగిలే స్థలం చూడండి:

ట్రైబర్: 84 లీటర్లు
ఎర్టిగా: 209 లీటర్లు
కారెన్స్: 216 లీటర్లు
ఇన్నోవా హైక్రాస్: 300 లీటర్లు

అంటే ట్రైబర్‌లో ఏడుగురు ఎక్కితే రెండు ట్రాలీలు కూడా పూర్తిగా పట్టవు. ఎర్టిగా, కారెన్స్‌లలో లెక్క ప్రకారం నాలుగు. లీటర్ల లెక్కలో మూలలు, వంపులు కూడా కలుస్తాయి కాబట్టి పెట్టి చూస్తే మూడు అనుకోండి. హైక్రాస్‌లో ఐదు దాకా సర్దుకోవచ్చు. హైదరాబాద్ నుంచి తిరుపతికి ఏడుగురు బయల్దేరితే మూడు ట్రాలీలు సరిపోతాయా? మీ ఇంట్లో వాళ్లనే అడగండి.

అయితే మూడో వరుస మడిస్తే సీన్ మారిపోతుంది. ఎర్టిగాలో 209 కాస్తా 550 లీటర్లు అవుతుంది. కాబట్టి ఎంపీవీని "7 సీటర్" అని కాకుండా "ఐదుగురు ప్లస్ ఫుల్ లగేజీ, లేదా ఏడుగురు ప్లస్ చేతి సంచులు" అని చదువుకోండి. రెండూ ఒకేసారి కావాలంటే హైక్రాస్ సైజుకి వెళ్లాలి. దాని పొడవు 4,755 ఎంఎం. ఎర్టిగా పొడవు సుమారు 4.4 మీటర్లు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మీ స్లాట్ ఎంతుందో టేపు పెట్టి కొలిచాకే ఈ నిర్ణయం తీసుకోండి.

మూడో వరుసలో ఎవరు కూర్చుంటారన్నది కూడా ముఖ్యమే. ఎర్టిగా, ట్రైబర్ లాంటి బండ్లలో అక్కడ పిల్లలు హాయిగా కూర్చుంటారు. పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయి. అమ్మమ్మ, తాతయ్యలను అక్కడికి ఎక్కించడం ఇంకా కష్టం. రెండో వరుస సీటు జరిపి, వంగి, ఒక కాలు లోపల పెట్టి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు రోజూ ప్రయాణం చేసే ఇల్లయితే మూడో వరుస ఉన్నా వాళ్లకు లేనట్టే.

వ్యాగన్: పేరు మిగిలింది, బండి పోయింది

అసలు వ్యాగన్లు ఇండియాకు రాలేదని కాదు. 1990లలో టాటా ఎస్టేట్ వచ్చింది. తర్వాత మారుతి బలెనో ఆల్టురా, ఒపెల్ కోర్సా స్వింగ్, టాటా ఇండిగో మెరీనా, స్కోడా ఆక్టేవియా కాంబి వచ్చాయి. ఏవీ నిలబడలేదు. ఆ షేప్ మనవాళ్లకు పెద్దగా నచ్చలేదు. పైగా 2006 బడ్జెట్ నుంచి 4 మీటర్ల లోపు చిన్న కార్లకు పన్ను తగ్గించారు. దాంతో పొడవు పెరిగితే ధర కూడా పెరిగే పరిస్థితి వచ్చింది. వ్యాగన్ ప్లస్ పాయింటే దాని పొడవు. ఆ తర్వాత పెద్ద బండి కావాలనుకున్న వాళ్లు ఎస్‌యూవీల వైపు, ఎంపీవీల వైపు వెళ్లిపోయారు.

ఇప్పుడు మన రోడ్ల మీద "వ్యాగన్" అంటే 1999 చివర్లో వచ్చిన మారుతి వ్యాగనారే. నిజానికి అది వ్యాగన్ కాదు, ఎత్తైన హ్యాచ్‌బ్యాక్. పొడవు 3,655 ఎంఎం మాత్రమే. అయినా ఎత్తు 1,675 ఎంఎం ఉండటంతో డిక్కీ 341 లీటర్లు వచ్చింది. ఏడుగురు ఎక్కిన ఎర్టిగా డిక్కీ కంటే, ఐదుగురు ఎక్కిన వ్యాగనార్ డిక్కీ పెద్దదన్నమాట! సీటు ఎత్తుగా ఉండటంతో పెద్దవాళ్లు కిందికి కూలబడాల్సిన పని లేదు, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటారు. రోజూ ఊళ్లో తిరిగే నలుగురి ఫ్యామిలీకి ఇంతకంటే పెద్ద బండి అవసరం చాలా తక్కువ.

మరి నిజమైన వ్యాగన్ పని చేసే బండి ఇప్పుడు ఏది? మా లెక్కలో అది ట్రైబర్. 2019 ఆగస్టులో లాంచ్ అయిన ఈ బండిలో మూడో వరుస సీట్లను మడవడమే కాదు, పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టేయొచ్చు. అప్పుడు ఐదు సీట్లు, 625 లీటర్ల డిక్కీ మిగులుతాయి. బండి పొడవు మాత్రం 3,990 ఎంఎం. ట్రైబర్‌ని చిన్న 7 సీటర్‌గా చూస్తే నిరాశ పడతారు. అప్పుడప్పుడు మరో ఇద్దరు పిల్లలు ఎక్కగలిగే వ్యాగన్‌గా చూస్తే పైసా వసూల్. ఇంజన్ 999 సీసీ, సుమారు 72 పీఎస్ పవర్, 96 ఎన్ఎం టార్క్. ఐదుగురికి చాలు. ఏడుగురితో, ఏసీ ఆన్‌లో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు గేర్లు దించుకుంటూ ఓపిగ్గా నడపాలి.

ఈకో: అందం లేదు, పని ఉంది

1984లో వచ్చి 2019 దాకా నడిచిన మారుతి ఓమ్నీ మీకు గుర్తుండే ఉంటుంది. స్కూల్ పిల్లల బండిగా, అంబులెన్స్‌గా, పాల ప్యాకెట్ల బండిగా అది చేయని పని లేదు. 2010 జనవరిలో వచ్చిన ఈకో ఇప్పుడు ఆ పని చేస్తోంది. పొడవు 3,675 ఎంఎం, అంటే ఇంచుమించు వ్యాగనార్ అంతే. కానీ ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి ముక్కు చిన్నది, వెనక స్థలం ఎక్కువ. 5 సీట్ల ఈకోలో డిక్కీ సుమారు 500 లీటర్లు ఉంటుంది.

దీని ప్లస్‌లు స్పెక్ షీట్‌లో కనిపించవు. వెనక డోర్లు పక్కకు జరుగుతాయి. ఇరుకు సందులో గోడ పక్కనే ఆపినా మనుషులు దిగొచ్చు, బస్తా దించొచ్చు. వెనక భాగం పెట్టెలా నిటారుగా ఉంటుంది కాబట్టి బాక్సులు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. వ్యాగనార్, ఎర్టిగాలలో వెనక అద్దం వాలు వల్ల పైభాగం కొంత వృథా అవుతుంది. ఈకో వెనక చక్రాలతో నడిచే బండి. లోడ్ పడే కొద్దీ ఆ చక్రాల మీద బరువు పెరిగి, ఎత్తు ఎక్కేటప్పుడు పట్టు బాగుంటుంది.

మైనస్‌లు కూడా చెప్పుకోవాలి. వెనక కూర్చున్నవాళ్లకు విడిగా ఏసీ వెంట్లు లేవు. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఇది చిన్న విషయం కాదు. ఎర్టిగా, ట్రైబర్‌లలో వెనక వరుసలకు వెంట్లు ఉన్నాయి. ఇంజన్ సీటు కిందే ఉండటంతో ముందు కూర్చున్నవాళ్లకు వేడి, శబ్దం తెలుస్తాయి. చక్రాలు చిన్నవి, బండి ఎత్తు ఎక్కువ. హైవే మీద స్పీడ్‌గా వెళ్తే నిలకడ ఎంపీవీలా ఉండదు.

ఒకే బాడీ, రెండు బోర్డులు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సీట్లున్న ఈకో, ఈకో కార్గో బయటి నుంచి ఒకేలా ఉంటాయి. చట్టం దృష్టిలో మాత్రం పూర్తిగా వేరు. సొంతానికి కొన్న సీట్ల ఈకో వైట్ బోర్డు, అంటే ప్రైవేట్ కారు. ఈకో కార్గో ఎల్లో బోర్డు, అంటే గూడ్స్ వెహికల్.

"వైట్ బోర్డు ఈకో కొని వెనక సీటు మడిచి సరుకు వేసుకుంటే పోలా?" అని చాలామంది అనుకుంటారు. ఇక్కడే జాగ్రత్త. మీ ప్రైవేట్ కారు ఇన్సూరెన్స్ పాలసీ తీసి "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అనే భాగం చదవండి. ఏ పనులకు వాడితే కవర్ ఉండదో అందులో ఉంటుంది. కిరాయికి తిప్పడం, రేసింగ్‌తో పాటు "సరుకు రవాణా" కూడా ఆ లిస్టులో ఉంటుంది. శాంపిళ్లకు, సొంత లగేజీకి మాత్రమే మినహాయింపు. ఇంటికి బియ్యం బస్తా తెచ్చుకోవడం వేరు. రోజూ షాపు సరుకుతో తిరగడం వేరు. రెండో పనిలో ఉండగా యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర గొడవ మొదలవుతుంది. బండి రిపేరు ఖర్చు మొత్తం మీ మీదే పడొచ్చు.

అలాగని ఎల్లో బోర్డు కొని ఆదివారం ఫ్యామిలీని వెనక కూర్చోబెట్టుకుని గుడికి వెళ్దామంటే అది ఇంకా ప్రమాదం. కార్గో వ్యాన్ ఇన్సూరెన్స్‌లో డ్రైవర్‌కు, సరుకు యజమానికి లేదా ఆయన తరఫున వచ్చిన వ్యక్తికి కవర్ ఉంటుంది. వెనక కూర్చున్న భార్యాపిల్లలకు ఉండదు. పైగా అక్కడ సీట్లు లేవు, బెల్టులు లేవు.

కార్గో వ్యాన్‌కు ఇంకా ఏం తేడాలుంటాయి?

ఫిట్‌నెస్: ప్రైవేట్ కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఎల్లో బోర్డు బండికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

పర్మిట్: మొత్తం బరువు 3,000 కేజీలు దాటని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. ఈకో కార్గో ఈ లోపే వస్తుంది.

లైసెన్స్: మీ దగ్గర మామూలు ఎల్ఎంవీ లైసెన్స్ ఉంటే చాలు. 7,500 కేజీల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి విడిగా అనుమతి అవసరం లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో తేల్చి చెప్పింది.

స్పీడ్: గంటకు 80 కిలోమీటర్ల లిమిటర్ ఉంటుంది. దూర ప్రయాణాలకు ఇది గుర్తుపెట్టుకోండి.

జీఎస్టీ: మీ వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, సరుకు బండి మీద కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. 13 సీట్ల లోపు ప్యాసింజర్ బండికి మామూలు వ్యాపారాలకు ఆ సౌకర్యం లేదు. బండి ధరలో ఇది పెద్ద తేడానే.

పన్ను గీత ఎక్కడ ఉంది?

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. పొడవు 4 మీటర్ల లోపు, పెట్రోల్ లేదా సీఎన్‌జీ ఇంజన్ 1,200 సీసీ లోపు ఉన్న కార్లకు 18 శాతం. అది దాటితే 40 శాతం. సరుకు బండ్లకు కూడా 28 నుంచి 18 శాతానికి తగ్గించారు.

అంటే వ్యాగనార్, ట్రైబర్, ఈకో, ఈకో కార్గో అన్నీ 18 శాతం వైపు ఉన్నాయి. ఎర్టిగా పొడవు, 1,462 సీసీ ఇంజన్ వల్ల 40 శాతం వైపు పడింది. కారెన్స్, హైక్రాస్ కూడా అటే. మూడో వరుస ఏడాదికి నాలుగైదు సార్లే వాడతారనుకుంటే ఈ తేడాను ఒకసారి కాగితం మీద వేసుకోండి. ఆ నాలుగైదు ట్రిప్పులకు కిరాయికి ఇన్నోవా మాట్లాడుకుంటే ఎంతవుతుందో పక్కనే రాయండి. జవాబు మీకే తెలుస్తుంది.

సీఎన్‌జీ తీసుకుంటే డిక్కీ గురించి అడగండి

కంపెనీ చెప్పే మైలేజ్ ఎర్టిగా సీఎన్‌జీకి కేజీకి 26.11 కిలోమీటర్లు, ఈకోకి 26.78. ఖర్చు పరంగా సూపర్. కానీ ఎర్టిగా, వ్యాగనార్‌లలో సిలిండర్ డిక్కీలోనే కూర్చుంటుంది. పైన చెప్పిన 209, 341 లీటర్ల లెక్కలు పెట్రోల్ వెర్షన్‌వి. సీఎన్‌జీ ఎర్టిగాలో ఏడుగురు ఎక్కితే లగేజీకి దాదాపు చోటు ఉండదు. డిక్కీ కోసం బండి కొంటూ, ఆ డిక్కీని సిలిండర్‌కి ఇచ్చేస్తున్నామేమో చూసుకోండి.

బరువు, సేఫ్టీ: లీటర్లతో పని అయిపోదు

స్థలం ఉంది కదా అని నింపేయకూడదు. మనిషికి 65 కేజీలు వేసుకున్నా ఏడుగురంటే 455 కేజీలు. అంటే 25 కేజీల బియ్యం బస్తాలు 18 వేసినట్టే. ఆ పైన లగేజీ, ఆ పైన క్యారియర్ మీద మూటలు. యూజర్ మాన్యువల్‌లో బండి గరిష్ఠ బరువు రాసి ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మీరు ఎంత ఎక్కించొచ్చో వస్తుంది. ఫుల్ లోడ్ ఉన్నప్పుడు టైర్లలో గాలి ఎంత ఉండాలన్నది డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద చూడండి. మామూలు రోజుల కంటే ఎక్కువే ఉంటుంది.

సడన్ బ్రేక్ వేస్తే వెనక ఉన్న 20 లీటర్ల వాటర్ క్యాన్ ఆగదు, ముందుకు దూసుకొస్తుంది. బరువైనవి కింద, సీటు వెనక్కి ఆనించి పెట్టండి. తాడుతో కట్టండి. సీటు ఎత్తు దాటి పేర్చకండి.

క్రాష్ టెస్టుల సంగతి చూస్తే, 2016లో ఎయిర్‌బ్యాగ్ లేని ఈకోకి గ్లోబల్ ఎన్‌క్యాప్ సున్నా స్టార్లు ఇచ్చింది. 2024లో ఆఫ్రికా మార్కెట్‌కు వెళ్లే ఎర్టిగాకి పెద్దవాళ్ల సేఫ్టీలో 1 స్టార్ వచ్చింది. 2025లో ఈ రెండు బండ్లకూ మన దేశంలో 6 ఎయిర్‌బ్యాగులు స్టాండర్డ్ అయ్యాయి. మంచి మార్పే. కానీ ఎయిర్‌బ్యాగుల సంఖ్య పెరిగితే బాడీ గట్టిదనం దానంతటదే పెరగదు. ఇన్నోవా హైక్రాస్‌కి 2025లో భారత్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు వచ్చాయి. ఎక్కువగా హైవే మీద తిరిగే ఫ్యామిలీ అయితే ఈ లైన్‌ని డిక్కీ లీటర్ల కంటే ముందు చదవండి.

ఎవరికి ఏది?

నలుగురు ఉన్న ఇల్లు, ఊళ్లో తిరుగుడు, అప్పుడప్పుడు సొంతూరు: వ్యాగనార్ పెట్రోల్ చాలు.

నలుగురు లేదా ఐదుగురు, ఎక్కువ లగేజీ, సెలవుల్లో అక్క పిల్లలు కూడా ఎక్కుతారు: ట్రైబర్. మామూలు రోజుల్లో మూడో వరుస తీసి ఇంట్లో పెట్టండి.

ఆరుగురు తరచుగా కలిసి తిరుగుతారు: ఎర్టిగా లేదా కారెన్స్. ఏడుగురూ పెద్దవాళ్లే, లగేజీ కూడా ఉంటుంది, బడ్జెట్ ఉంది: హైక్రాస్.

తక్కువ ధరలో సందుల్లో తిరిగే ఫ్యామిలీ వ్యాన్ కావాలి, హైవే ప్రయాణం తక్కువ: సీట్లున్న ఈకో, ఏసీ వేరియంట్.

రోజూ సరుకు తిప్పే వ్యాపారం: ఈకో కార్గో. ఇంటికి విడిగా ఒక టూ వీలరో, సెకండ్ హ్యాండ్ చిన్న కారో చూసుకోండి. "రెండు పనులకూ ఒకే బండి" అనే ఆలోచన కొనేటప్పుడు చవగ్గానే కనిపిస్తుంది. దాని అసలు ఖర్చు యాక్సిడెంట్ జరిగిన రోజు బయటపడుతుంది.

షోరూమ్‌కి వెళ్తూ ఇవి తీసుకెళ్లండి

ఒక టేపు, మీ ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేస్, వీలైతే అమ్మనో నాన్ననో. ముందు మూడో వరుసలోకి మీరే ఎక్కి పది నిమిషాలు కూర్చోండి. సీట్లన్నీ నిటారుగా ఉంచి సూట్‌కేస్ డిక్కీలో పెట్టి తలుపు మూసి చూడండి. డిక్కీ అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి, రోజూ బరువు ఎత్తాల్సింది మీరే కదా. సీటు మడిచే పని సేల్స్‌మన్‌తో కాకుండా మీ చేత్తో చేయండి. చివరగా, మీరు ఈ బండిని దేనికి వాడబోతున్నారో ఇన్సూరెన్స్ కౌంటర్‌లో ఉన్నదున్నట్టు చెప్పి, దానికి ఈ పాలసీ వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు చేతికి వచ్చాకే అడ్వాన్స్ కట్టండి.